ఇంజను తెలిసిన మనిషి

అమెరికాలో పాతకాలపు రేసు కార్లను బాగుచేసేవారికి ఒక పట్టింపు ఉంది. ఇంజను మీద కొట్టిన నంబరు బండి నంబరుతో కలవాలి. కలిస్తేనే అది ఆ కారుతో పాటు పుట్టిన ఇంజనని నమ్ముతారు. 1964లో పాంటియాక్ కంపెనీ ఓ మధ్యరకం కారుకు ఆరు లీటర్లు దాటిన ఇంజను బిగించి జీటీవో పేరుతో అమ్మింది. ఇలా భారీ ఇంజను బిగించిన ‘మజిల్ కార్ల’ మోజు అక్కడే ఊపందుకుంది. వాటి పందెంలో పావు మైలు తిన్నని దారిని ఎవరు ముందు దాటితే వారిదే గెలుపు. 1973 చమురు సంక్షోభంతో ఆ జోరు తగ్గింది. అయినా ఆ బండ్లను విప్పి, ఒక్కో బోల్టూ కడిగి, మళ్లీ పరుగు తీయిస్తున్నవారు నేటికీ ఉన్నారు.

అంతటి బలం, వేగం ఉన్న పాత యంత్రాన్ని చూడాలంటే మన విశాఖ బీచ్ రోడ్డుకు వెళ్లాలి. నౌకాదళపు టీయూ-142 విమానం అక్కడే ఉంది. నాలుగు ఇంజన్లు. ఒక్కొక్కటి సుమారు 15 వేల గుర్రాల బలం గలది. ప్రతి ఇంజనుకూ రెండేసి పంకాలు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. పంకాలతో ఎగిరే విమానాల్లో ఇంత వేగంగా పోయేవి ప్రపంచంలోనే అరుదు. 1988లో మన నౌకాదళంలో చేరి, ఆ ఏడాదే మాల్దీవుల్లో మన సైనిక చర్య ఆపరేషన్ కాక్టస్‌లో పాల్గొని, దాదాపు మూడు దశాబ్దాలు హిందూ మహాసముద్రాన్ని కాపలా కాసింది. 2017 మార్చిలో విరమించాక ఈ విమానాన్ని విశాఖకు తెచ్చారు. భాగాలుగా విప్పి బీచ్ రోడ్డుకు చేర్చి మళ్లీ కూర్చారు. ఆ డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు.

దానికెదురుగానే ఇసుక మీద ఐఎన్‌ఎస్‌ కురుసుర. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలం చూసి, 2001లో విరమించిన జలాంతర్గామి. మరుసటి ఏడాదే మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదిగి దారివ్వాలి. అయితే నాకు కురుసురలో గొప్పగా అనిపించేది ఆ ఇనుము కాదు. లోపల చూపించే మాజీ నౌకాదళ సిబ్బంది. ఏ వాల్వు ఎందుకు తిప్పుతారో, టార్పెడో ఎలా వదులుతారో, నీటి కింద రోజుల తరబడి ఎలా బతికారో సొంత అనుభవంతో చెబుతారు. వారి మాట లేకపోతే ఆ గొట్టాలూ డయళ్లూ పిల్లలకు అర్థం కావు.

సముద్రపు ఉప్పుగాలి ఏ లోహాన్నీ వదలదు. గీకి, రంగు వేసి, మళ్లీ గీకుతూ ఉంటేనే నిలుస్తుంది. ఉక్కు ఊరికి ఇది చెప్పనక్కర్లేదు. పనితనాన్నీ అలాగే కాపాడుకోవాలని మాత్రం మనకు తట్టడం లేదు. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, పోర్టు, ఆటోనగర్ కలిసి ఈ నగరానికి తరాల ఫిట్టర్లను, టర్నర్లను, వెల్డర్లను ఇచ్చాయి. చప్పుడు విని ఇంజనులో లోపం పట్టగలవారు ఇంకా మన వీధుల్లోనే ఉన్నారు. వారు విరమించి ఇంటికి చేరగానే ఆ విద్యకు వారసులు లేకుండా పోతున్నారు. పుస్తకాల్లో దొరికే విద్య కాదది, చేతి నుంచి చేతికి అందాల్సింది.

చూపుకు నిలిపిన యంత్రాలు మనకున్నాయి. ఇక నడిచే యంత్రం ఒకటి కావాలి. పాత లారీ అయినా, టగ్గు అయినా, డీజిల్ జనరేటరు అయినా సరే. తూకానికి అమ్మేముందు ఒక్కదాన్ని పక్కకు తీసి ఐటీఐ పిల్లలకు అప్పగించమని పోర్టును, షిప్‌యార్డును, ఉక్కు కర్మాగారాన్ని కోరుతున్నాం. ఆ పిల్లల పక్కన రిటైరైన మేస్త్రీలను గౌరవంగా, తగిన వేతనమిచ్చి నిలపాలి. మీ ఇంట్లో అలాంటి పెద్దాయన ఉంటే, ఆయన చేతిపని గురించి ఈ ఆదివారమే అడిగి రాసిపెట్టండి.