దూకడం నేర్చినవాడు పడ్డవాణ్ణి చూసుకోవడమూ నేర్వాలి

సాయంత్రం బడి వదిలాక ఏ వూరి కాలువ గట్టుకు వెళ్ళినా ఒకటే దృశ్యం. కుర్రాళ్ళు వంతెన పిట్టగోడ ఎక్కి నీళ్ళలోకి దూకుతుంటారు. సగంలో ఆగిన డాబాల మీద ఒక గోడ నుంచి మరో గోడకు గెంతుతుంటారు. ఇసుక కుప్పల మీద పల్టీలు కొడుతుంటారు. ఒకడు దూకుతుంటే ఇంకొకడు సెల్‌ఫోనులో వీడియో తీస్తుంటాడు. ఇలా గోడలు, గట్లు, మెట్లు దాటుకుంటూ పోయే విద్యకు పార్కూర్ అనే పేరుందని వారిలో కొందరికి తెలుసు. ఫోనులో చూశారు, చేతనైనంత నేర్చుకున్నారు.

ఇది చూసి పెద్దలు "కాళ్ళు విరగ్గొట్టుకుంటార్రా" అని కేకలు వేయడం మామూలే. కాని ఆ పెద్దలు మాత్రం చిన్నతనంలో చింతచెట్టెక్కి కోతి కొమ్మచ్చి ఆడలేదా? గడ్డివాము మీద నుంచి దూకలేదా? వయసులో వున్నవాడి సత్తువ ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. దాన్ని కట్టివేయడం ఎవరి తరమూ కాదు. దూకేవాళ్ళలో ఒకడు పడిపోయిన రోజున పక్కనున్నవాళ్ళు ఏం చేస్తారన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

ప్రస్తుతం జరుగుతున్నది ఏమిటి? ఒకడు పడతాడు. నలుగురు కంగారుగా చుట్టూ మూగుతారు. ఒకడు నెత్తిన నీళ్ళు గుమ్మరిస్తాడు. ఒకడు భుజాలు పట్టి కుదుపుతాడు. ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్ళు పట్టుకుని లేపి, మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి టౌనుకు పరుగు తీస్తారు. వారి ప్రేమను ఎవరూ శంకించలేరు. కాని మెడ ఎముకకు దెబ్బ తగిలినవాణ్ణి అలా ఎత్తి కూర్చోబెడితే, అప్పటిదాకా దెబ్బతినని వెన్నుపాము కూడా నలిగిపోవచ్చు. లేచి నడవగలిగేవాడు జన్మంతా మంచాన పడవచ్చు. పడడం వల్ల కాని కీడు, ఎత్తడం వల్ల జరుగుతుంది.

పట్టణాల్లో ఆసుపత్రి పక్క వీధిలో వుంటుంది. మన పల్లెల్లో 108 వాహనం ఎంత తొందరగా బయలుదేరినా గట్టు దారి పట్టి రావడానికి కొంత సేపు పడుతుంది. ఆ కాస్త సేపూ పడ్డవాడికి దిక్కు తోటి ఆటగాళ్ళే. డాక్టరుగారు వచ్చేలోగా వాడి ప్రాణం వాళ్ళ చేతుల్లోనే వుంటుంది.

"మేమేం డాక్టర్లమా?" అని కుర్రాళ్ళు అనవచ్చు. ప్రథమ చికిత్స వైద్యం కాదు. వైద్యుడు వచ్చేదాకా పరిస్థితి మరింత చెడకుండా కాపు కాయడమే. అందులో సగం చేయకూడనివి తెలుసుకోవడమే.

పార్కూర్ పుట్టుకలోనే ఈ బాధ్యత వుంది. ఫ్రాన్సులో జార్జ్ ఎబేర్ అనే నౌకాదళ అధికారి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో పరుగు, గెంతు, ఎక్కడం, ఈత, బరువులు మోయడం కలిపి ఒక వ్యాయామ పద్ధతి రూపొందించాడు. ఒంటి బలం ఎందుకయ్యా అంటే, పదిమందికి పనికిరావడానికి అన్నది ఆయన బోధ. ఆ పద్ధతి నుంచి సైనికులకు అడ్డంకులు దాటే శిక్షణ వచ్చింది. ఆ శిక్షణ పేరులోని మాటే పార్కూర్ అయింది. దాన్ని ఈ రూపానికి తెచ్చినవాడు డేవిడ్ బెల్. పారిస్ దగ్గరి లిస్ అనే ఊళ్ళో 1980, 90 దశకాల్లో స్నేహితులతో కలిసి సాధన చేశాడు. అతని తండ్రి రేమండ్ బెల్ పారిస్ అగ్నిమాపక దళంలో పనిచేశాడు. మంటల్లో చిక్కినవాణ్ణి మోసుకు రావడం ఆయన ఉద్యోగం. 2017లో బ్రిటన్ దీన్ని అధికారికంగా క్రీడగా గుర్తించింది. ఇంతటి విద్యలో మన కుర్రాళ్ళకు ఫోనులో కనిపించేది గెంతు ఒక్కటే. దాని వెనుక సంవత్సరాల సాధన, పక్కవాడి పట్ల బాధ్యత ఆ అరనిమిషం వీడియోలో కనిపించవు.

ఏం తెలియాలి?

ఎత్తు నుంచి పడ్డవాడు గాని, నీళ్ళలోకి తలకిందులుగా దూకినవాడు గాని మెడ నొప్పి అన్నా, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కాయన్నా, కదలడం లేదన్నా వాణ్ణి కదపకూడదు. తల అటూ ఇటూ తిరగకుండా రెండు చేతులతో నిలిపి పట్టుకుని 108కి ఫోను చేయాలి. నీళ్ళలో వున్నవాణ్ణి మాత్రం తలా, మెడా, వీపూ ఒకే వరుసలో వుండేటట్టు పట్టుకుని బయటికి తేవాలి. ఊపిరి ఆడకపోతే ఇక మెడ సంగతి తర్వాత, ముందు ప్రాణం నిలపాలి. గుండె మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు గట్టిగా నొక్కడం, నోటితో ఊపిరి ఊదడం చదివితే వచ్చేవి కావు, శిక్షణలో చేసి చూసి నేర్వవలసినవి. మునిగినవాణ్ణి తలకిందులుగా వేలాడదీయడం, కుండ మీద బోర్లా వేసి తిప్పడం వంటి పాత పద్ధతుల వల్ల విలువైన నిమిషాలు పోతాయి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు వదలకుండా గట్టిగా అదిమి పట్టాలి. గుడ్డ తడిసిపోతే దాని మీదనే ఇంకో గుడ్డ వేయాలి. కాఫీపొడి, సున్నం, మట్టి అద్దకూడదు. తుప్పు పట్టిన ఇనుప చువ్వ గీరుకున్నా, మట్టి అంటిన గాయమైనా ధనుర్వాతం టీకా విషయం ఆరోగ్య కేంద్రంలో అడగాలి.

ఎముక విరిగిందనిపిస్తే లాగి సరిచేయబోకూడదు. ఏ భంగిమలో వుంటే ఆ భంగిమలోనే వెదురు బద్దో, మందంగా మడిచిన పత్రికో ఆనించి, విరిగిన చోటికి పైకీలూ కిందికీలూ కదలకుండా కండువాతో కట్టాలి. వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా కట్టు వదులు చేయాలి. పుత్తూరు కట్టు మీద నమ్మకం వున్నవారు మన జిల్లాలోనూ వున్నారు. కాని ఎముక చర్మాన్ని చీల్చుకు వచ్చినా, వేళ్ళు మొద్దుబారినా ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళవలసిందే. ఆపరేషను అవసరం కావచ్చు గనుక దారిలో టీ, సోడా తాగించకూడదు. చీలమండ బెణికితే తోమడం, కాపడం పెట్టడం మొదటి రెండు రోజులూ పనికిరావు. గుడ్డలో చుట్టిన ఐసు, ఎత్తున పెట్టిన కాలు, విశ్రాంతి చాలు.

దాచిపెట్టడమే పెద్ద ప్రమాదం

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి వుంది. దెబ్బ తగిలిన కుర్రవాడు ఇంట్లో చెప్పడు. నాన్న కొడతాడని భయం. స్నేహితులు కూడా "చెప్పకురా, మమ్మల్నీ తిడతారు" అంటారు. మోకాలు చెక్కుకుపోతే ఫరవాలేదు. కాని తలకు దెబ్బ తగిలి, ఆ క్షణాన లేచి నవ్వినవాడికి కూడా లోపల రక్తం ఊరుతూ వుండవచ్చు. రాత్రి తలనొప్పి అంటాడు, వాంతి చేసుకుంటాడు, మగతగా పడుకుంటాడు. అమ్మ "ఎండలో తిరిగి వచ్చాడు, అజీర్ణం చేసింది" అనుకుని దుప్పటి కప్పుతుంది. అసలు సంగతి తెలిస్తే ఆ తల్లి అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకువెళ్ళేది.

అందుచేత తలకు దెబ్బ తగిలిన సంగతి ఇంట్లో చెప్పడం స్నేహితుల మొదటి బాధ్యత. వాడు చెప్పకపోతే వీళ్ళు వెళ్ళి చెప్పాలి. అది చాడీ కాదు. కనీసం ఒక రోజు వాణ్ణి కనిపెట్టి వుండాలి. మళ్ళీ మళ్ళీ వాంతులైనా, మాట తడబడినా, లేపితే సరిగా లేవకపోయినా, ఫిట్సు వచ్చినా, ముక్కు నుంచో చెవి నుంచో రక్తం గాని నీరులాంటిది గాని కారినా క్షణం ఆగకూడదు.

ఇక్కడ పెద్దల బాధ్యత కూడా వుంది. నిజం చెప్పిన పిల్లవాణ్ణి ఆ రోజు కొట్టవద్దు. కొట్టారా, రేపు వాడే కాదు, వాడి తమ్ముడూ దాచిపెడతాడు. మందలింపులు నాలుగు రోజులు ఆగితే కొంపలేమీ మునగవు.

గుంపుకు కొన్ని కట్టుబాట్లు

కలిసి దూకేవాళ్ళు కలిసి కొన్ని నియమాలు పెట్టుకోవాలి. డెల్టా కాలువల్లో నీరు వంతుల ప్రకారం హెచ్చుతగ్గులవుతుంది. నిన్న నిండుగా పారిన కాలువ నేడు నడుం లోతే వుండవచ్చు. కనుక ముందు దిగి లోతు, అడుగున రాళ్ళు, దుంగలు చూడనిదే ఎవరూ దూకకూడదు. తలకిందులుగా అసలే వద్దు. ఒంటరిగా సాధన చేయకూడదు. "దమ్ముంటే దూకు" అని చిన్నవాళ్ళను రెచ్చగొట్టినవాడు, వాళ్ళు పడితే ఆ పాపంలో భాగస్థుడే. ఎవరైనా పడితే ఫోను వీడియో తీయడానికి కాదు, 108 కొట్టడానికి. ఒకడు పడ్డవాడి దగ్గర వుండాలి. ఒకడు ఫోనులో మాట్లాడుతూ "లాకుల దగ్గర, రామాలయం వెనుక" అని గుర్తులు చెప్పాలి. ఒకడు రోడ్డు మీదికి వెళ్ళి నిలబడి బండికి దారి చూపాలి. గుంపులో కనీసం ఇద్దరికి ప్రథమ చికిత్స వచ్చి వుండాలి. ఒక్కడికే వస్తే, పడేది వాడే కావచ్చు.

ఇది నేర్పేవారు లేరా అంటే వున్నారు. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థలు ఈ శిక్షణ ఇస్తాయి. ఏటా సెప్టెంబరు రెండో శనివారం ప్రపంచ ప్రథమ చికిత్స దినం. ఆ రోజున ప్రతి మండలంలోనూ ఒక శిబిరం పెడితే బాగుంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు, ఉన్నత పాఠశాల డ్రిల్లు మాస్టారు, గ్రామ యువజన సంఘం కూర్చుని మాట్లాడుకుంటే ఒక ఆదివారం చాలు. క్రికెట్టు కప్పులకు, గణపతి పందిళ్ళకు చందాలు పోగుచేయగల యువజన సంఘాలకు దూది, కట్టు గుడ్డలు, కత్తెర, చేతి తొడుగులు పెట్టిన ఒక రేకు డబ్బా పెద్ద ఖర్చు కాదు. పంచాయతీలు కూడా చొరవ తీసుకుని, వంతెనల వద్ద లోతు తెలిపే గుర్తులు పెట్టవలసిందిగా నీటిపారుదల శాఖను కోరాలి.

అయిదడుగుల గోడ దూకినవాడికి చప్పట్లు కొట్టేవారు ఎప్పుడూ వుంటారు. పడ్డవాడి తల కదలకుండా పట్టుకుని, బండి వచ్చేదాకా ఎండలో మోకాళ్ళ మీద కూర్చున్నవాడికి ఎవరూ చప్పట్లు కొట్టరు. కాని ఊరికి కావలసింది వాడే. ఈ వేసవిలో కాలువ గట్టు ఎక్కేముందు మన కుర్రాళ్ళు ఆ విద్య కూడా నేర్చుకోవాలని, పెద్దలు అందుకు దారి చూపాలని కోరుకుందాం.