చిరుచిప్పల సాక్ష్యం

శిలాజమనగానే మనసులో రాక్షసబల్లి మెదలుతుంది. హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో కోటసారస్ అస్థిపంజరాన్ని అందరూ అబ్బురంగా తిలకిస్తారు. కాని గతాన్ని తెలుపడంలో అల్పప్రాణులు అల్పమైనవి కావు.

ఇబ్రహీంపట్నం నేల గ్రానైటుమయం. భూగర్భంలో శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడిన ఆ రాతిలో శిలాజాలుండవు. అయితే ఒకనాటి రంగారెడ్డి జిల్లాకే పడమటి దిక్కున, నేటి వికారాబాదు జిల్లాలోని నస్కల్ వద్ద, లావా పొరల నడుమ సుమారు 6.6 కోట్ల ఏళ్లనాటి మడుగుమన్ను శిలగా మారింది. అందులో ఆస్ట్రకాడ్ల చిప్పలు లభించాయి. రొయ్యలు, ఎండ్రకాయల వలె ఇవీ క్రస్టేషియన్లే. పరిమాణంలో మాత్రం ఆవగింజంత. మంచినీటి జాతులు వేరు, ఉప్పునీటి జాతులు వేరు. కనుక చిప్పను బట్టి ఆనాటి నీటి స్వభావాన్ని శాస్త్రజ్ఞులు నిర్ణయిస్తారు.

వీటి బంధుజాతులు నేటికీ చెరువులలో జీవిస్తున్నాయి. నీరింకినా పలు జాతుల గుడ్లు మన్నులో ప్రాణం నిలుపుకొని వాన కోసం వేచి ఉంటాయి. కాబట్టి ఎండిన చెరువు బీడుభూమి కాదు. శిలాజమున్న రాతిని కంకరగా, నీరింకిన చెరువును ఇళ్లస్థలంగా చూచే దృష్టి ఒక్కటే. మొదటిది గతాన్ని చెరిపివేస్తుంది. రెండవది భవిష్యత్తును హరిస్తుంది. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు వంటి జలాశయాలను ఎండిన ఏట కూడా చెరువులుగానే కాపాడుకోవడం వివేకం.