ఆర్మూరు శిలాసంపద

నఱికిన చెఱకు మోడునుండి మరల పిలకలు పుట్టును. పగిలిన బండ మరల పుట్టదు. ఈ భేదమును ఇందూరు జిల్లావారు గుర్తింపవలసిన కాలము వచ్చినది.

నిజామాబాదునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున ఆర్మూరు చెంతనున్న నవనాథ సిద్ధుల గుట్టను చూడనివారు మనలో అరుదు. కాని దైవదర్శనము చేసికొని మరలువారేగాని, ఆ గుండ్లు ఒకదానిపై నొకటి యెట్లు నిలిచెనని యడుగువారు కొలదిమందియే. వానిని ఎవరును పేర్చలేదు. దాదాపు 250 కోట్ల యేండ్లక్రిందట భూగర్భమున కరగియున్న పదార్థము చల్లాఱి గ్రానైటు శిల యయ్యెను. దాని చీలికలలో నీరు దిగి మూలలను చివికించెను. చివికిన మట్టి కొట్టుకొనిపోగా గుండ్లు మిగిలెను.

పడమట బోధను, మద్నూరు ప్రాంతముల చరిత్ర వేఱు. సుమారు 6.6 కోట్ల యేండ్లక్రిందట నేల చీలి పాఱిన లావా దక్కను నల్లరాయి యయ్యెను. అది చివికి నల్లరేగడి యయ్యెను. ఆ రేగడికి 1931లో పూర్తియైన నిజాంసాగరు నీరు తోడై చెఱకు పండించెను. 1937లో బోధను చక్కెర కర్మాగారము వెలసెను. 2015లో అది మూతపడినపు డెల్లరును చింతించితిరి. మూతపడిన కర్మాగారమును మరల తెఱవవచ్చును. కంకరయైన గుట్టను మరల నిలుప నెవరితరము?

కొరియాదేశపు జేజు ద్వీపము లావారాయియే. ఆ రాతిచరిత్రనే చూపి అచ్చటివారు 2007లో యునెస్కో ప్రపంచవారసత్వ గౌరవమును, 2010లో ప్రపంచ జియోపార్కులలో స్థానమును పొందిరి. నేడు యాత్రికులవలన జీవనమును పొందుచున్నారు. హైదరాబాదులోనో, శిలలను కాపాడుటకు 1996లో సంఘము వెలయునప్పటికే పెక్కు గుట్టలు నేలమట్టమయ్యెను.

రాతిపనివలన కూలివారికి అన్నము దొరకుచున్నదనుట నిజమే. అన్ని గుట్టలను విడువుమని మేము కోరుట లేదు. సిద్ధుల గుట్టవంటి విశిష్టస్థలములకు హద్దులు నిర్ణయించి, తవ్వకము సోకకుండ ప్రభుత్వము కాపాడవలయును. శిలల పుట్టుకను తెలుపు ఫలకములను తెలుగున నిలుపవలయును. ఆర్మూరునుండి బోధనువఱకు యాత్రికులకు దారిచూపి వివరించుటకు స్థానిక యువకులను తరిబీతు చేయవలయును.

తమ పట్టాభూములలో నిట్టి శిలలుగల భూస్వాములకును ఒక మనవి. లీజుపత్రముపై వ్రాలు చేయుటకు ముందు ఒక్కమాఱు ఆ గుండ్లవంక చూడుడు. లీజు సొమ్ము కొన్నియేండ్లలో వ్యయమగును. 250 కోట్ల యేండ్లు నిలిచినదానిని మనచేత పోనీయకుండుట మన బాధ్యత.