మూత విప్పనివ్వని మరమ్మతు హక్కు

ఉక్కు కర్మాగారంలో ఫ్యాను చప్పుడు మారితే దానిని ఎవరూ చికాకుగా భావించరు, సమాచారంగా స్వీకరిస్తారు. పొగను, ధూళిని లాగివేసే భారీ ఫ్యాన్ల రెక్కలపై మసి ఒకవైపు ఎక్కువగా పేరుకుంటే తూకం తప్పుతుంది. తూకం తప్పితే బేరింగు అదురుతుంది. ఆ అదురును సకాలంలో కనిపెట్టకపోతే ఉత్పత్తి ఆగిపోతుంది. కంపనాలను కొలిచే పరికరాలు అందుబాటులోకి రాకముందు పాతతరం మెకానిక్కులు ఇనుపకడ్డీ ఒక కొసను బేరింగు పెట్టెకు, మరో కొసను చెవికి ఆనించి యంత్రం ఆరోగ్యాన్ని పసిగట్టేవారు.

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం ఫలితంగా నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో వెలసి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్‌ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న భిలాయ్ నగరానికి ఈ విద్య కొత్తది కాదు. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలలో యంత్రాలను విప్పి, తుడిచి, తిరిగి బిగించడమే జీవనోపాధిగా బతికినవారు ఎందరో ఉన్నారు. విచిత్రమేమిటంటే, అటువంటి ఇంట్లో చదువుకునే పిల్లవాడి లాప్‌టాప్‌లోని అరచేతిలో ఇమిడే ఫ్యాను హోరుమంటే మాత్రం ఆ ఇంటి పెద్దలు చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తున్నది. వారికి పనితనం లేక కాదు. ఆ మూత తెరవడానికి వీలులేకుండా తయారైంది కనుక.

లాప్‌టాప్ రొదలో రహస్యమేమీ లేదు. ప్రాసెసర్ వేడిని ఒక చదునైన రాగి గొట్టం మోసుకుపోతుంది. గాలి తీసివేసిన ఆ గొట్టంలో కొద్దిపాటి ద్రవం ఉంటుంది. అది వేడి కొసన ఆవిరై, చల్లని కొసన మళ్లీ ద్రవమై వెనక్కి వస్తుంది. చల్లని కొసకు అతికించిన పలుచని లోహపు రేకుల సందుల గుండా ఫ్యాను గాలిని నెడుతుంది. రెక్కలు విసిరిన దుమ్ము ఆ రేకుల ముఖద్వారం వద్ద పేరుకుని, కొన్ని నెలలకు గొంగళి ముక్కలా దట్టమవుతుంది. గాలికి దారి మూసుకుపోతే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ఫ్యాను వేగం పెరుగుతుంది. ఫ్యాన్ల సాంకేతిక సూత్రాల ప్రకారం వేగం రెట్టింపయితే శబ్దస్థాయి సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే, చెవికి వినిపించే ఆ హోరు చాలా సందర్భాలలో ఫ్యాను చెడిపోయిందనడానికి కాదు, ఊపిరాడక అదనపు చాకిరీ చేస్తున్నదనడానికి గుర్తు. ఆ చాకిరీ కూడా చాలనప్పుడు, ఉష్ణోగ్రత 100 డిగ్రీల సమీపానికి చేరుకోగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. యంత్రం మందగించిందనీ, పాతబడిందనీ భావించి కొత్తది కొనాలని కుటుంబం తలపోసేది సరిగ్గా ఆ దశలోనే.

దుర్గ్ వంటి ప్రాంతాలలో ఈ సమస్య మరింత ముదురుతుంది. చాలా కంపెనీలు తమ లాప్‌టాప్‌లు 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకు పనిచేస్తాయని పత్రాలలో రాసుకుంటాయి. ఛత్తీస్‌గఢ్ మైదానాలలో మే నెల మధ్యాహ్నం అంతకు చాలా ఎక్కువ ఉంటుందన్నది రాయ్‌పూర్ నుంచి రాజ్‌నందగావ్ వరకు పసిపిల్లలకు సైతం తెలుసు. దానికి తోడు ఉక్కు పట్టణపు ధూళి. కిటికీకి బిగించిన కూలర్ ఆ ధూళిని తేమతో కలిపి గదిలోకి పంపుతుంది. తేమ తగిలిన దుమ్ము ఊదితే పోయే దుమ్ము కాదు. పైగా వేసవి అంతా కూలర్ హోరులో లాప్‌టాప్ రొద ఎవరికీ వినిపించదు. వర్షాలు వెనకబట్టి కూలర్ కట్టేసిన తరువాత, పరీక్షలకు చదువుకునే రాత్రివేళ అది ఒక్కసారిగా బయటపడుతుంది. అప్పటికి జరగవలసిన నష్టం జరిగే ఉంటుంది.

చప్పుడును బట్టి రోగాన్ని గుర్తించడం కష్టమేమీ కాదు. ఎడతెగని గాలి హోరు అయితే దుమ్ము, లేదా ప్రాసెసర్‌కూ రాగి గొట్టానికీ నడుమ ఎండిపోయిన పేస్టు. గరగరలాడితే బేరింగు అరుగుదల. టకటకమంటే రెక్కకు ఏదో తగులుతున్నట్లు. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే అడుగు రంధ్రాలు మూసుకుపోయి ఏ రోగమూ లేకుండానే రొద వస్తుంది. విండోస్ లాప్‌టాప్‌లలో ప్రాసెసర్ గరిష్ఠ సామర్థ్యాన్ని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే చాలా యంత్రాలలో అదనపు వేగం ఆగిపోయి వేడి గణనీయంగా తగ్గుతుంది. ఇది పైసా ఖర్చులేని చిట్కా. కుట్టుమిషన్ నూనె చుక్క వేసే అలవాటు మాత్రం కొద్ది రోజుల ఉపశమనమే. నూనెకు దుమ్ము అంటుకుని రోగం తిరగబెడుతుంది. పీడన వాయువుతో ఊదేవారు రెక్కలను వేలితో ఆపి పట్టుకోకపోతే, ఫ్యాను అదుపుతప్పిన వేగంతో తిరిగి ఉన్న బేరింగు కాస్తా దెబ్బతింటుంది. యంత్రాన్ని ఆపి, కదలకుండా బంధించిన తరువాతే చెయ్యి పెట్టాలన్న నియమం భిలాయ్ కార్మికులకు ఒకరు చెప్పవలసినది కాదు.

ఇంతవరకు ఇది గృహస్థు పరిధిలోని వ్యవహారం. బేరింగు అరిగిపోయినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. లాప్‌టాప్ మొత్తం ఖరీదులో ఫ్యాను వాటా బహు స్వల్పం. అయినా ఆ చిన్న భాగాన్ని విడిగా కొనుక్కోవడం దుర్లభంగా మారింది. కొన్ని నమూనాలలో ఫ్యానునూ రాగి గొట్టాలనూ ఒకే ముద్దగా అమర్చి, ఒకటి పోతే రెండూ మార్చవలసిన పరిస్థితి కల్పించారు. మరికొన్నింటిలో అడుగు మూత ప్లాస్టిక్ కొక్కేలపై నిలుస్తుంది. ఒకసారి విప్పితే రెండు మూడు కొక్కేలైనా విరగకుండా రావు. మూత విప్పితే వారంటీ పోతుందన్న భయం సరేసరి. చిన్న పట్టణాల మరమ్మతు దుకాణదారులు పాడైపోయిన యంత్రాల నుంచి ఊడదీసిన ఫ్యాన్లతోనో, తయారీదారు పేరు కూడా లేని సరకుతోనో నెట్టుకొస్తున్నారు.

ప్రభుత్వానికి ఈ విషయం తెలియదనుకోవడానికి వీలులేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీని నియమించింది. అదే ఏడాది డిసెంబరు 24న ప్రత్యేక పోర్టల్‌ను ప్రారంభించింది. మరమ్మతు ఎంత సులభమో తెలిపే సూచీకి సంబంధించిన నివేదిక 2025 మేలో ఆ శాఖకు అందింది. కానీ మొదటి దశలో దాని దృష్టి స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్లపైనే నిలిచింది. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచే లాప్‌టాప్‌లకు సైతం పదికి ఎన్ని మార్కులో తెలిపే సూచీని దుకాణంలో ప్రదర్శించాలని ఆదేశించిన సంగతి గమనార్హం. ఫోను పోతే ఇబ్బంది. లాప్‌టాప్ పోతే విద్యార్థికి ఏడాది చదువే ప్రమాదంలో పడుతుంది. దుర్గ్ జిల్లా కుటేలాభాఠాలో ఐఐటీ ప్రాంగణం నెలకొన్న ప్రాంతంలో ఈ తేడాను ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

విధానంలో ఉన్న వైరుధ్యం మరింత విస్మయకరం. లాప్‌టాప్‌ల వంటి పరికరాల దేశీయ ఉత్పత్తిని ప్రోత్సహించడానికి కేంద్ర మంత్రివర్గం 2023 మేలో రూ.17,000 కోట్ల పథకాన్ని ఆమోదించింది. అదే ఏడాది ఆగస్టు 3న దిగుమతులకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ వెలువరించి, విమర్శల నేపథ్యంలో దానిని సడలించింది. 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాల పునఃశుద్ధి బాధ్యతను ఉత్పత్తిదారులపై మోపాయి. తయారీకి ధనసహాయం, దిగుమతికి కట్టడి, వ్యర్థానికి నియమావళి! పుట్టుకకూ చావుకూ నడుమ ఉన్న బతుకును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఫ్యాను దొరక్క మూలపడిన లాప్‌టాప్ స్థానంలో మరొకటి కొనవలసి వస్తే దిగుమతుల భారం తగ్గేదెట్లా?

విడిభాగాలను గుప్పిట్లో పెట్టుకునే ధోరణిని ఈ దేశం ఎదుర్కోవడం కొత్త కాదు. బయటి మెకానిక్కులకు విడిభాగాలు, పరీక్షా పరికరాలు అందకుండా చేస్తున్నాయన్న అభియోగంపై 14 కార్ల కంపెనీలకు కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో రూ.2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. అది అప్పీళ్లకు వెళ్లినప్పటికీ, వస్తువు కొన్నవాడు మరమ్మతు కోసం అమ్మినవాడి గుమ్మం వద్దే నిలబడనక్కరలేదన్న సూత్రం చర్చలోకి వచ్చింది. కారుకు వర్తించిన న్యాయం లాప్‌టాప్‌కు వర్తించకపోవడానికి కారణం కనిపించదు.

కంపెనీల వాదనలో కొంత నిజం లేకపోలేదు. యంత్రం పలుచగా ఉండాలని కొనుగోలుదారులే కోరుతున్నారు. లోపలి లిథియం బ్యాటరీకి మొనదేలిన పనిముట్టు తగిలితే నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. అయితే ఫ్యాను బ్యాటరీ కాదు. బ్యాటరీ జోలికి పోకుండా ఫ్యానును మాత్రమే తుడుచుకునేలా అమర్చడం ఇంజినీర్లకు చేతకాని పనేమీ కాదు. ప్రభుత్వ కార్యాలయాలకు, విద్యాసంస్థలకు కొనే లాప్‌టాప్‌ల టెండర్లలో ఫ్యాను విడిగా ఐదేళ్లపాటు లభించాలని, దానిని శుభ్రం చేసినంత మాత్రాన వారంటీ రద్దు కారాదని ఒక్క షరతు చేర్చడానికి కొత్త చట్టం అవసరం లేదు. 17,000 కోట్ల ప్రోత్సాహకం అందుకునే సంస్థలకు అదే షరతు వర్తింపజేయడానికీ పార్లమెంటు సమావేశం కానక్కరలేదు. పదిహేనేళ్ల కిందటి కొన్ని లాప్‌టాప్‌లలో రెండు మరలు విప్పితే ఫ్యాను కనిపించే చిన్న మూత అడుగున ప్రత్యేకంగా ఉండేది.