పాత వ్యాను, దోసెడు నీళ్ళు

పిల్లలూ!

తాడేపల్లిగూడెం నుంచి మీలో ఒకరు ఇలా రాశారు: "మాష్టారూ! మా వీధి మలుపులో ఒక పాత వ్యాను ఏడాదిగా పడి వున్నది. అందులో పాత టైర్లు కూడా పడేశారు. దాన్ని ఎవరు తీస్తారు?"

మంచి ప్రశ్న. బండి కదలకపోతే మనకేం నష్టం, దాని మానాన అది వుంటుంది గదా అని పెద్దవాళ్ళు కూడా అంటారు. కాని ఆ టైర్ల సంగతి చూడండి. వాన పడితే ఒక్కొక్క టైరు లోపల దోసెడు నీళ్ళు నిలుస్తాయి. ఏడిస్ అనే దోమకు అంతకన్న మంచి పురిటిల్లు వుండదు. కాళ్ళమీద తెల్లచారలుండే దోమ ఇదే. పగటిపూట కుడుతుంది, డెంగ్యూ జ్వరాన్ని ఒకరినుంచి మరొకరికి మోస్తుంది. గుడ్డు పెట్టిన వారం పదిరోజుల్లో పిల్లదోమ రెక్కలతో లేచిపోతుంది. నీళ్ళు ఎండినా గుడ్లు చావవు. టైరుకు అంటుకుని నెలల తరబడి వుండి, మళ్ళీ వాన రాగానే పిల్లలవుతాయి. అందుచేత నీళ్ళు ఒంపేస్తే చాలదు, టైర్లనే అక్కడినుంచి తీసెయ్యాలి. కొల్లేటి పక్కవాళ్ళం గనక దోమ మనకు కొత్త కాదు. అయితే మురుక్కాలవ దోమ వేరు, ఈ దోమ వేరు. దీనికి కాస్త తేటనీరు కావాలి.

ఇక బండి సంగతి. ఎవరిదో తెలియని బండిని మనం తొయ్యగూడదు, విప్పగూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 127వ సెక్షను వున్నది. బహిరంగ స్థలంలో బండిని పది గంటలు గాని, అంతకు మించి గాని వదిలేస్తే, దాన్ని లాగించివేయమని యూనిఫారంలో వున్న పోలీసు అధికారి ఉత్తరువు ఇవ్వవచ్చు. ఖర్చు యజమానిదే. పది గంటలెక్కడ, ఏడాది ఎక్కడ! కాబట్టి బండికి పోలీసు స్టేషను, టైర్లకూ చెత్తకూ మునిసిపాలిటీ. మా ఏలూరుకు 1866లోనే మునిసిపాలిటీ వచ్చింది. 2005లో అది కార్పొరేషను అయింది.

అయితే అర్జీ రాయడం మీలో చాలామందికి చేతకాదు. (పెద్దవాళ్ళకూ అంతే.) "మా వీధి అధ్వాన్నంగా వున్నది, తక్షణం చర్య తీసుకోగలరు" అని రాసి, కింద పది సంతకాలు పెడతారు. అది చదివిన గుమాస్తా ఎక్కడికి పోవాలి? నేనైతే దానికి నూటికి ఇరవై మార్కులు వేస్తాను. ఏ వీధి, ఏ ఇంటి ఎదుట, బండి రంగేమిటి, నెంబరెంత, ఎన్నాళ్ళనుంచి వున్నది - ఇవి రాయండి. నెంబరు వుంటే యజమాని దొరుకుతాడు. తేదీ వేసి, నకలు ఒకటి దాచుకోండి. ఇచ్చినచోట రసీదు అడిగి పుచ్చుకోండి. కళ్ళారా చూడకుండా "ఫలానావాడు పారేశాడు" అని మాత్రం రాయకండి. పగ తీర్చుకోవడానికి అర్జీలు పెట్టేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ వుంటారు.

మునిసిపాలిటీలో డబ్బు లేదంటే? మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊరివాళ్ళు మురుక్కాలవల గురించి మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళారు. అక్కడి మునిసిపాలిటీ డబ్బు లేదన్నది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, డబ్బు లేదనే సాకు చెల్లదని తీర్పు చెప్పారు.

గూడెం చిరంజీవీ! నీ ఉత్తరంలో బండి నెంబరు లేదు. చూసి రాసుకుని, నాన్నగారిచేత సంతకం పెట్టించు. ఆ టైర్ల జోలికి నువ్వు పోకు. రసీదు వచ్చాక నాకు మళ్ళీ రాయి.