భూమికి గొడుగు పట్టువా రెవరు?

ఆత్మకూరు, అనుమసముద్రముపేట, ఉదయగిరి ప్రాంతములందలి మెట్టరైతునకు ఆకాశమే పెద్దదిక్కు. నైరృతి ఋతుపవనము ఈ సీమకు విదిల్చునది స్వల్పము. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు మేఘము కరుణించిననే చెరువు నిండును, మడి తడియును. ఇట్టి సీమవారు, ఆకాశమునే మార్చెదమను మాట యెక్కడ వినవచ్చినను చెవియొగ్గి వినవలసియున్నది.

అట్టి మాట నేడు పాశ్చాత్యదేశములలో గట్టిగనే వినవచ్చుచున్నది. విమానములతో గంధకపు సూక్ష్మకణములను మిన్నున మిక్కిలి యెత్తున జల్లి, సూర్యరశ్మిలో కొంతభాగమును వెనుకకు మరలించినచో, బొగ్గుపులుసు వాయువుచే వేడెక్కిన భూమి చల్లబడునని కొందఱు శాస్త్రజ్ఞుల వాదము. ఇది నిరాధారము కాదు. 1991లో ఫిలిప్పీను ద్వీపములందలి పినటూబో అగ్నిపర్వతము బ్రద్దలై సుమారు కోటిన్నర టన్నుల గంధకవాయువును పైకెగజిమ్మగా, మరుసటి యేడు భూగోళపు సగటు వేడిమి సుమారు అర డిగ్రీ తగ్గెను.

అయితే ఆ 1992లోనే భూభాగములపై వర్షపాతమును తగ్గినట్లు పరిశీలకులు గుర్తించిరి. ఋతుపవనములను నడపునది ఎండయే గదా! ఆ కణములను ఉత్తరార్ధగోళముననే జల్లినచో వర్షమేఖల దక్షిణమునకు జరుగునని శాస్త్రజ్ఞుల గణనలు చెప్పుచున్నవి. పైగా నీ యుపాయము బొగ్గుపులుసు వాయువును తొలగింపదు. సముద్రజలముల యామ్లత పెరుగుచునేయుండును. నడుమ హఠాత్తుగా మానినచో, అణగియున్న వేడిమి యంతయు కొలది యేండ్లలో విరుచుకొనిపడును.

ఎండదెబ్బకు కూలీలు నేలకొరుగుచుండగా ఏ యుపాయమునైనను పరిశోధింపవలదా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. పరిశోధింపవలసినదే. బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయందు గోవిందసామి బాల ప్రభృతులు గణకయంత్రములపై చేయుచున్న కృషి శ్లాఘనీయము. మన మేఘముల సంగతి మనవారే యెఱుగనిచో, పరులు చెప్పినదే వేదమగును. కాని పరిశోధన వేరు, ప్రయోగము వేరు.

ప్రయోగమున కనుమతి నిచ్చువా రెవరు? హార్వర్డు విశ్వవిద్యాలయమువారు స్వీడనులో తలపెట్టిన బెలూను పరీక్ష, సామీ యను నాదిమజాతివారి యభ్యంతరముతో 2021లో నిలిచిపోయెను. 2024లో ఆ యోజననే వారు విరమించిరి. అనుమతిలేక బెలూను లెగురవేసిన యొక ప్రైవేటు సంస్థ నిర్వాకము చూచి, 2023లో మెక్సికో ప్రభుత్వ మిట్టి పరీక్షలను నిషేధింతుమని ప్రకటించెను. 2024లో నైరోబీయందు సమావేశమైన ఐక్యరాజ్యసమితి పర్యావరణసభ యీ విషయమున ఏకాభిప్రాయమునకు రాజాలక పోయెను. కొలదిమంది సామీలు నోరు విప్పిన వినబడినది. కోట్లకొలది ఋతుపవనజీవులమైన మనము మౌనము వహింపనేల?

మనయింటి యనుభవము నొకటి కలదు. ఈ శతాబ్దపు తొలి దశకమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మేఘమథనము సాగించెను. మేఘము లేనిచోట మథించుట కేమియు లేదు. ఉన్నచోట కురిసిన వాన మథనఫలమో, సహజమో తేల్చుట కష్టము. ఒక జిల్లా వాన విషయముననే యింత సందేహ ముండగా, భూగోళమంతటికి పూచీపడు వారెవరు?

పూర్వము శ్వేతచ్ఛత్రము రాజచిహ్నము. భూమి కంతటికి గొడుగు పట్టినవానిది నిజముగ నేకచ్ఛత్రాధిపత్యమే యగును. ఎండ యెంత, నీడ యెంత యని యొక దేశమో, యొక ధనవంతుడో నిర్ణయించు దాస్యమునకు మన మంగీకరింపరాదు. మన సమ్మతిలేక మన వానను ముట్టరాదని ఢిల్లీ ప్రభుత్వము ప్రపంచసభలలో నిస్సంకోచముగ చాటవలెను. పొగ యెక్కువగ వదలిన సంపన్నరాజ్యములు ముందు దానిని తగ్గింపవలెను. ఇక మన చేతిలోని పని: చెరువుల పూడిక తీయుట, కట్టలను, కలుజులను బాగుచేయుట. దీనికి మాత్ర మెవరి యనుమతియు నక్కఱలేదు.