నెత్తురులోని వారసత్వం

గాయమైనప్పుడు నెత్తురు గడ్డకట్టకపోతే మనిషి బ్రతకడు. అదే నెత్తురు గాయం లేకుండానే కాలి సిరలో గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఈ స్వభావం కొందరికి తల్లిదండ్రుల నుండి సంక్రమిస్తుంది. 1965లో నార్వే వైద్యుడు ఎగెబెర్గ్ ఒక కుటుంబంలో యాంటీథ్రాంబిన్ అనే రక్షక పదార్థం కొరవడిన సంగతిని వెల్లడించాడు. 1994లో హాలెండులోని లైడెన్ నగర శాస్త్రజ్ఞులు ఐదవ ఫాక్టరు జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి ఉండడాన్ని కనుగొన్నారు. ఐరోపా వారిలో నూటికి సుమారు ఐదుగురికి ఆ మార్పు ఉంటుంది. అయినను వారిలో అధిక సంఖ్యాకులు జీవితాంతం గడ్డ మాట ఎరుగరు. శస్త్రచికిత్స, ప్రసవం, గర్భనిరోధక మాత్రలు, మంచం పట్టడం తోడైతే ముప్పు హెచ్చుతుంది.

కనుక అందరికీ ఖరీదైన పరీక్షలు జరిపించాలని మేము కోరడం లేదు. మేనత్తకు కాన్పు తరువాత కాలిలో గడ్డ వచ్చిందని తెలిసి కూడా, పిల్లకు సంబంధాలు తప్పిపోతాయని డాక్టరు ఎదుట దాచడమే మాకు బాధ కలిగిస్తున్నది. మేనరికాలు, దగ్గరి సంబంధాలు మన ఇళ్ళలో, ఏ మతం వారికైనా, కొత్త కాదు. ప్రోటీన్ సి లోపం దంపతులిద్దరిలోనూ ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు అది రెండు వైపులా సంక్రమిస్తుంది. అట్టి శిశువుకు పుట్టిన కొద్ది దినాలలోనే చర్మం నల్లబడి ప్రాణం మీదికి రావచ్చును.

ఈ సెలవులలో విద్యార్థినీ విద్యార్థులు అమ్మమ్మనైనా, నానీనైనా అడిగి, ఇంట ఎవరికి ఏ వయసులో గడ్డ వచ్చినదో కాగితం మీద వ్రాసి ఉంచుకోవాలని కోరుతున్నాము. ఆపరేషనుకు ముందు డాక్టరు అడగకపోయినా ఆ కాగితం చూపండి.